క్రిమినల్ అప్పీలు గడువు దాటడం

శిక్ష పడిన వ్యక్తి గానీ, నిందితుణ్ణి నిర్దోషిగా వదిలేసిన తీర్పును ఒప్పుకోని ప్రభుత్వం గానీ, చట్టం ఇచ్చిన రోజుల్లోపు పైకోర్టులో అప్పీలు వేయలేకపోతే దాన్ని గడువు దాటిన అప్పీలు అంటారు. భారతదేశంలో ఈ గడువులను ప్రధానంగా 1963 నాటి లిమిటేషన్ చట్టం నిర్ణయిస్తుంది. సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే 30 రోజులు. మిగతా శిక్షలపై హైకోర్టుకు 60 రోజులు, సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు. నిర్దోషి తీర్పుపై ప్రభుత్వానికి 90 రోజులు. గడువు దాటిన అప్పీలును, అవతలి పక్షం అభ్యంతరం చెప్పకపోయినా, కోర్టే తోసిపుచ్చాలని ఆ చట్టం 3వ సెక్షన్ అంటుంది.

తీర్పు చెప్పిన రోజు లెక్కలోకి రాదు. సర్టిఫైడ్ కాపీ సిద్ధం కావడానికి పట్టిన రోజులనూ తీసేస్తారు. తెలుగు రాష్ట్రాల కోర్టుల్లో కాపీ మీద వేసే ముద్రలో దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, చేతికిచ్చిన తేదీ వరసగా ఉంటాయి. గడువు లెక్కంతా ఆ ముద్ర మీదే నడుస్తుంది. సిద్ధమైన కాపీని తీసుకోకుండా వదిలేస్తే ఆ రోజులు మినహాయింపు కిందికి రావు. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజు దాఖలు చేయవచ్చు. కోవిడ్ కాలంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు నడిచిన కాలాన్ని దేశమంతటా గడువు లెక్కలోంచి తొలగించింది.

గడువు దాటితే తలుపు పూర్తిగా మూసుకుపోదు. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని అఫిడవిట్‌తో వేసే అర్జీని కోర్టు వాడుకలో డిలే కండోన్ పిటిషన్ అంటారు. తగిన కారణం చూపాలి. ప్రతి రోజు ఆలస్యానికీ సంజాయిషీ చెప్పాలనే పాత సూత్రాన్ని ఛాందసంగా పట్టుకోవద్దని సుప్రీంకోర్టు 1987లో అనంతనాగ్ భూసేకరణ కేసులో చెప్పింది. అది సివిల్ కేసే, అందులో ఆలస్యం 4 రోజులే. అయినా క్రిమినల్ కోర్టుల్లోనూ ఆ తీర్పును ఉదహరిస్తూనే ఉన్నారు. మన్నింపు దొరికేదాకా అప్పీలుకు అసలు నంబరు పడదు, దాఖలు చేసినప్పుడు ఇచ్చే తాత్కాలిక ఎస్.ఆర్. నంబరు మీదే ఉండిపోతుంది. ఈలోగా జైల్లో ఉన్నవారి శిక్ష మాత్రం ఆగకుండా నడుస్తుంది. బెయిలు మీద ఉండి, మూడేళ్లకు మించని శిక్ష పడినవారికి అప్పీలు వేసుకునేందుకు కింది కోర్టు కొన్నాళ్లు శిక్షను నిలిపివేయవచ్చు. ఆ వ్యవధిలో పైకోర్టు ఉత్తర్వు తెచ్చుకోలేకపోతే ఆ రక్షణ పోతుంది.

ఈ గడువుల కఠినత్వం ఎక్కువగా తెలిసేది ఖైదీకే. బయట ఉన్న మనిషి వకీలు ఇంటికి పదిసార్లు తిరగగలడు. లోపలివాడికి కాపీ, వకాల్తా, ఫీజు అన్నీ ఇంకొకరి చేతి మీదుగా రావాలి. అందుకే జైలు శిక్ష పడిన వ్యక్తికి తీర్పు కాపీ వెంటనే ఉచితంగా ఇవ్వాలని, ఖైదీ తన అప్పీలును జైలు అధికారికే అందజేయవచ్చని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 363, 383 సెక్షన్లు ఏర్పాటు చేశాయి. దాని స్థానంలో 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇవి 404, 424 సెక్షన్లు. రెండో పద్ధతిలో వచ్చినదాన్నే జైలు అప్పీలు అంటారు.

కాగితం మీద ఉన్న ఈ హక్కు ఎక్కడ జారిపోతుందో 1978 నాటి హోస్కాట్ కేసు బయటపెట్టింది. 1973లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పుపై నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా సుప్రీంకోర్టుకు అర్జీ వచ్చింది. హైకోర్టు కాపీని జైలుకు పంపింది, ఖైదీ మాత్రం తనకు అందలేదన్నాడు, అందినట్టు సంతకం ఎక్కడా లేదు. అర్జీని కొట్టేసినా, ఇకమీదట కాపీ ఇచ్చి ఖైదీ చేత రాతపూర్వక రసీదు తీసుకోవాలని, అప్పీలుకు ఉచిత న్యాయసహాయం అతని హక్కని జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. ఒక సంతకం ఒక మనిషి స్వేచ్ఛకు ఎంత దగ్గరగా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపిన కేసు అరుదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసహాయం ఇస్తుంది.

మరణశిక్ష దగ్గర మాత్రం చట్టం ఖైదీ చొరవ కోసం ఎదురుచూడదు. అప్పీలు వేసినా వేయకపోయినా సెషన్స్ కోర్టు తీర్పు ఖరారు కోసం హైకోర్టుకు వెళ్లి తీరాలి.

కొన్ని ప్రత్యేక చట్టాలు మన్నింపుకే హద్దు గీశాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 180 రోజులు దాటితే అప్పీలు స్వీకరించరాదంది. ఆ నిబంధనను అలహాబాద్ హైకోర్టు ఫుల్ బెంచ్ 2018లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్.ఐ.ఎ.) చట్టంలో హద్దు 90 రోజులు. అది తప్పనిసరా కాదా అన్న దానిపై హైకోర్టులు చీలిపోయాయి. ఆ వివాదం నడుస్తుండగానే, 90 రోజులు దాటాయన్న ఒక్క కారణంతో నిందితుల, బాధితుల అప్పీళ్లను తోసిపుచ్చవద్దని సుప్రీంకోర్టు 2025లో మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.