పిప్పరమెంటూ, పండగ పళ్ళెమూ

ఇంగ్లీషు బొత్తిగా రాని తెలుగువాడికి కూడా నోరారా పలకడం వచ్చిన ఇంగ్లీషు మాట ఏదంటే, నేను 'పిప్పరమెంటు' అంటాను. నారింజ రంగుదైనా సరే, నిమ్మ పులుపుదైనా సరే, కొట్లో గాజు సీసాలోంచి తీసి ఇచ్చే బిళ్ళ ఏదైనా మనకి పిప్పరమెంటే! అసలది ఒక మొక్క పేరంటే మా సత్తెనపల్లిలో సగం మంది నవ్వుతారు.

మొక్కే మరి. మన పుదీనాకి దగ్గర చుట్టం. పచ్చడి చేసుకునే పుదీనాకీ, నీటి ఒడ్డున పెరిగే ఇంకో రకానికీ పుట్టిన సంకరజాతి. 1696లో జాన్ రే అనే ఇంగ్లీషు పండితుడు దీని సంగతి గ్రంథస్థం చేశాడు. మిరియంలా ఘాటుగా ఉందని పేరు ముందు 'పెప్పర్' తగిలించారు. లండను దగ్గర మిచ్చామ్ అనే ఊళ్ళో పొలాలకి పొలాలే వేసి నూనె తీశారు. ఆ నూనె పంచదారతో కలిసి బిళ్ళయింది, బిళ్ళ ఓడెక్కింది, ఓడ దిగి మన కొట్లో సీసాలో కూర్చుంది.

మిరపకాయ మండిస్తుంది, పిప్పరమెంటు చల్లబరుస్తుంది. నిజానికి రెండూ నాలుకని మోసం చేసేవే. వేడిని పసిగట్టే నరాలని మిరపఘాటు తట్టిలేపుతుంది, చల్లదనాన్ని పసిగట్టేవాటిని పిప్పరమెంటులోని మెంథాల్ తట్టిలేపుతుంది. అక్కడ మంటా ఉండదు, మంచూ ఉండదు! ఈ గుట్టు విప్పినవాళ్ళలో ఇద్దరు, డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్, 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. పోర్చుగీసు ఓడల్లో వచ్చిన మిరపకాయని ఇవాళ ఎవరైనా పరాయిదంటే గుంటూరు మిర్చియార్డు ఊరుకుంటుందా?

అమెరికాలో ఉన్న మన ఆడపిల్లలు డిసెంబరు రాగానే పిప్పరమెంటు కుకీలు చేసి ఫొటోలు పంపిస్తున్నారు. క్రిస్మస్‌కీ ఈ చల్లని రుచికీ ముడి ఎక్కడ పడిందీ? కొలోన్ చర్చిలో పిల్లలు అల్లరి చెయ్యకుండా చేతికర్రల్లాంటి పంచదార బిళ్ళలిచ్చారని ఒక కథ చెబుతారు. కథ బాగుంది, ఆధారమే లేదు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో క్రిస్మస్ చెట్టుకి పంచదార కర్రలు వేలాడగట్టేవారు. వాటికి పిప్పరమెంటు రుచీ, ఎర్రచారలూ కుదురుకున్నాక అదే క్రిస్మస్ రుచైపోయింది. అక్కణ్ణించి బిస్కెట్లలోకి దూరింది.

మన గుంటూరు సీమకి మిషనరీ ఫాదర్ హెయ్యర్ వచ్చింది 1842 జులై 31న. పుట్టింది జర్మనీలో, పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. తర్వాత ఆయన పల్నాటికీ వెళ్ళి గురజాలలో పనిచేశారు. జర్మనీలో క్రిస్మస్ బిస్కెట్లంటే లవంగం, దాల్చినచెక్క, యాలకులు దట్టించినవి. ఆ సుగంధద్రవ్యాలు ఎక్కడివి? మన తూర్పుదేశాలవేగా! అంటే పండగ ఇటు రాకముందే పండగ మసాలా ఇటునుంచి అటు వెళ్ళిందన్నమాట.

మరి ఆ బిస్కెట్లు మన ఊళ్ళో ఎందుకు నిలబడలేదు? కారణం మతం కాదు, పొయ్యి! మన వంటింట్లో ఉన్నది కట్టెల పొయ్యి, కుంపటి, బూరెల మూకుడు. కాల్చడానికి ఓవెన్ ఏదీ? మైదా, వెన్న కొనే స్తోమతెవరికి? డిసెంబరంటే కొత్త ధాన్యం దంచుకునే రోజులు, పత్తితీత కూలి డబ్బులు చేతిలో ఆడే రోజులు. అందుకని ఏసుక్రీస్తు పుట్టినరోజుకి మా వైపు అరిసెలు పుట్టాయి, కజ్జికాయలు పుట్టాయి. పిప్పరమెంటు బదులు యాలకుల పొడి!

ఇంకొకటుంది, గులాబీ పువ్వులు. ఇనప పువ్వుని పిండిలో ముంచి కాగే నూనెలో ఆడించి తీస్తామే, అదే. స్వీడన్‌లో, కేరళలో, సింహళంలో కూడా ఇలాంటి ఇనప అచ్చే ఉంది. సింహళంలో దాన్ని 'కోకిస్' అంటారు. అది డచ్చివాళ్ళ మాట నుంచి వచ్చిందంటారు. అమెరికావాడి 'కుకీ' కూడా ఆ డచ్చి మాటకే పుట్టింది. చూశారా, ఓవెన్ లేకపోయినా కుకీగారి చుట్టరికం మన మూకుట్లోకి రానే వచ్చింది.

రుచి ఇంత సులువుగా సముద్రాలు దాటింది. దాటలేనిది మన గడప!

1898లో ఢిల్లీలో హిందూ బిస్కెట్ కంపెనీ అని ఒకటి పెట్టారు. తమ బిస్కెట్ల తయారీ అంతా అగ్రవర్ణాల చేతుల మీదుగానే జరుగుతుందని ప్రకటించుకున్నారు. తినేది పిండినా, పిసికిన చేతినా? మా సత్తెనపల్లి తాలూకా వేములూరిపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో 'మాలపల్లి' అచ్చు వేయించింది ఈ ఊరికీ పేటకీ మధ్య దూరం చూసే కదా! 1950లో రాజ్యాంగం అమల్లోకొచ్చి అంటరానితనం రద్దయింది. కానీ అరిసెకి ఆ కబురు అందడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. నా చిన్నతనంలో కొన్ని ఇళ్ళల్లో క్రిస్మస్ పళ్ళేన్ని నవ్వుతూనే అందుకునేవారు. పంపినావిడ మలుపు తిరగ్గానే అది గొడ్లచావిడి వైపు నడిచేది. అదే బేకరీ ప్యాకెట్ అయితే ఇంట్లోకి! ఎవరి చెయ్యో తెలియని బిస్కెట్టుకి మడి ఉంది, ఎదురింటి చెయ్యని తెలిసిన అరిసెకి లేదు.

మా వీధిలో రిటైరైన టీచరమ్మగారొకరు ఇప్పుడు క్రిస్మస్‌కి పిప్పరమెంటు బిస్కెట్లు చేస్తున్నారు. కుక్కర్లో ఇసక పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నని సెగ మీద.

"పుదీనా ఆకు నూరి వెయ్యకూడదా అండీ?" అనడిగాను.

"వేస్తే పచ్చడి వాసనొస్తుందమ్మాయ్. అందులో ఈ చలవ ఉండదు. పిప్పరమెంటు బిళ్ళలు దంచి, బిస్కెట్లు చల్లారాక పంచదార పాకంతో పైన అద్దుకోవాలి. వేడి మీద వేస్తే వాసనంతా ఎగిరిపోతుంది," అన్నారు.

ఆవిడ చెప్పింది శాస్త్రమే. పచ్చడి పుదీనాలో మెంథాల్ పెద్దగా ఉండదు, పిప్పరమెంటులో ఉన్నది వేడికి నిలవదు. ఆవిడ ఆ మాట చెప్పి ఊరుకోలేదు, చిన్నగా ఇంకోటీ అన్నారు. "అరిసెలు పంపితే ఎవరు తింటారో, ఎవరు తినరో నాకు తెలుసు. బిస్కెట్లయితే అందరూ తింటారులే అని ఇవి నేర్చుకున్నాను."

ఆ మాట మాత్రం నా గొంతు దిగలేదు. ఎంత చలవ రుచైతేనేం!

అందుకే చెల్లెళ్ళూ, ఈసారి మీ వీధిలో క్రిస్మస్ పళ్ళెం వస్తే తెచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడకండి, కూర్చోబెట్టండి. వాళ్ళు చూస్తుండగానే ఓ అరిసె విరిచి నోట్లో వేసుకోండి. పాకం కుదరకపోతే కుదరలేదనే చెప్పండి, ఫరవాలేదు. సంక్రాంతికి మాత్రం ఆ పళ్ళేన్ని ఖాళీగా తిప్పి పంపకండి.