రాట్నం తిప్పిన పియానో

కవి రాసిన కవితను స్వరకర్త పాటగా కడితే, ఆ పాటను ఒక గాయకుడు, ఒక పియానో వాద్యకారుడు మరో వాద్యం తోడు లేకుండా వినిపించే సంప్రదాయాన్ని జర్మన్ భాషలో ‘లీడ్’ అంటారు. ఆ మాటకు అర్థం పాట అనే అయినా, సంగీత చరిత్రలో అది కవితకు, కంఠానికి, పియానోకు సమానమైన పీట వేసిన ప్రత్యేక ప్రక్రియకు పేరుగా నిలిచింది.

లీడ్ పుట్టడానికి ముందు పియానో పుట్టవలసి వచ్చింది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమెయో క్రిస్తోఫోరి, తీగను మీటే పాత పద్ధతిని విడిచి, మెట్టు నొక్కగానే చిన్న సుత్తి తీగను తాకే యంత్రాంగాన్ని రూపొందించడంతో, వేలి బలాన్ని బట్టి నాదం సన్నగానూ గంభీరంగానూ పలికే వీలు కలిగింది.

1814 అక్టోబరు 19న, వియన్నాలో, పదిహేడేళ్ల స్వరకర్త ఫ్రాంజ్ షూబర్ట్, జర్మన్ కవి గోథే రాసిన ‘ఫౌస్ట్’ నాటకంలో రాట్నం ముందు కూర్చుని ప్రియుణ్ణి తలచుకునే గ్రెట్‌షెన్ మాటలకు స్వరం కట్టాడు. అందులో పియానో వాద్యకారుడి కుడిచేయి ఎడతెగక సుడితిరిగే స్వరాలతో చక్రాన్ని తిప్పుతుంటే, ఎడమచేయి దానిని తొక్కే పాదం లయను పట్టుకుంటుంది. ప్రియుడి ముద్దు జ్ఞాపకం రాగానే చక్రం ఆగిపోయి, కాసేపటికి తడబడుతూ మళ్లీ అందుకుంటుంది. రాట్నం ఆగిందని గ్రెట్‌షెన్ ఎక్కడా చెప్పదు, ఆ సంగతి చెప్పేది పియానో ఒక్కటే. లీడ్ ప్రక్రియ ప్రాణమంతా అక్కడే ఉంది. 31 ఏళ్లకే కన్నుమూసిన షూబర్ట్ ఆరువందలకు పైగా పాటలు కట్టగా, 1840లో జర్మన్ కవి హైనే కవితలకు స్వరకర్త షూమన్ కూర్చిన ‘కవి ప్రేమ’ పాటల మాలలో గాయకుడు ముగించిన తరువాత చివరి మాట పియానోదే అయింది.

తెలుగులో లీడ్‌కు దగ్గరి చుట్టం రేడియో లలితగీతం. 1941లో మద్రాసు ఆకాశవాణిలో చేరిన బాలాంత్రపు రజనీకాంతరావు, ఆ తరువాత హైదరాబాద్ కేంద్రంలో పాలగుమ్మి విశ్వనాథం, మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు కవితకు రాగాన్ని భావానికి లోబడేటట్లు కట్టి, ఆ ప్రక్రియను ఇంటింటికీ చేర్చారు. అయితే మెట్లున్న వాద్యానికి అక్కడ చోటు దక్కలేదు: హార్మోనియం స్థిరస్వరాలు గమకాన్ని, అంటే స్వరం నుంచి స్వరానికి జారే ఊపును, పలికించలేవన్న వాదంతో 1940లో ఆకాశవాణి ఆ వాద్యాన్ని నిషేధించగా, అది 1971 వరకు స్టూడియోకు దూరంగానే ఉంది. శాస్త్రీయ సంగీతం విషయంలో ఆ అభ్యంతరం బలమైనదే. మాటకే పెద్దపీట వేసే లలితగీతానికి మాత్రం అది అంత గట్టిగా వర్తించదు. గొంతును నీడలా అనుసరించడం కాక, గొంతుకు బదులు పలికే వాద్యాన్ని లలితగీతం పెంచుకోలేకపోయింది.

ఆ లోటు తీర్చే వీలు ఇప్పుడుంది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభంతో హైదరాబాద్‌లో రూపుకట్టిన ఐటీ ప్రాంతం సైబరాబాద్‌లో, నేడు కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలోని 88 మెట్ల డిజిటల్ పియానోల మీద పిల్లలు పరీక్షల కోసం పాశ్చాత్య పాఠాలు సాధన చేస్తున్నారు. వారికి నేర్పే గురువులు భావకవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కవిత ఒకటి ఎంచుకుని, దానికి గొంతుతో సమానంగా మాట్లాడే పియానో భాగం రాయించాలి. ఆ పని చేయడానికి కావలసిన వేళ్లు, వాద్యాలు ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నాయి.