నీళ్ల కింద పాయెతఖ్త్

పాత రాజధానుల మాటొస్తే మన ఇళ్లల్లో వినిపించే పేర్లు బాగ్దాద్, దమిష్క్, ఇస్తాంబుల్, ఖుర్తుబా. ఇంకాస్త చదువుకున్న ఇల్లయితే రోమ్ కూడా. ఉర్దూ మీడియంలో మేం చదివినప్పుడు దాన్ని రూమతుల్ కుబ్రా అనేవాళ్లు, అంటే మహా రోమ్. మన పిల్లలు ఫోన్లలో రోమ్ కొలోసియం చూసి సుబ్‌హానల్లాహ్ అంటారు. మరి నల్లగొండ జిల్లా చివర, నందికొండ దగ్గర కృష్ణ నీళ్ల కింద ఒక పాయెతఖ్త్ ఉందని ఎందరికి ఖబర్ ఉంది?

దాని పేరు విజయపురి. శాతవాహనుల సల్తనత్ చెదిరిపోయాక, ఈసవీ 3వ సదీలో ఇక్ష్వాకు రాజులు దాన్ని దారుల్ హుకూమత్ చేసుకున్నారు. జాగా ఎంచుకోవడంలో వాళ్లది మంచి నజర్. మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ. నది ఒడ్డున ఖిలా, చుట్టూ ఫసీల్, ఖందకం. బయట లోయంతా విహారాలు, స్తూపాలు, గుళ్లు, బజార్లు, ఇళ్లు. మొదటి రాజు శాంతమూలుడు, తర్వాత కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువల శాంతమూలుడు, చివర రుద్రపురుషదత్తుడు. నాలుగు తరాలతో ఆ హుకూమత్ ఖతం.

నాకు ఆ రాజుల కంటే ఆ ఇంటి ఆడవాళ్లు పెద్దగా కనిపిస్తారు. శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన చెల్లెలు శాంతిసిరి మాత్రం బౌద్ధుల మహాచైత్యం కట్టించింది. వీరపురుషదత్తుడికి ఆవిడ ఫుప్పీ. ఆ రాజు ఫుప్పీల కూతుళ్లను పెళ్లాడాడని కూడా కత్బాలు చెబుతున్నాయి. మన ఖాందాన్లలో ఇది వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంకో రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని నుంచి వచ్చింది. ఒకే ఇంట్లో మగవాళ్లది ఒక మజ్‌హబ్, ఆడవాళ్ల ఖైరాత్ ఇంకో మజ్‌హబ్‌కి. దీనికోసం ఆ ఇంట్లో ఫసాద్ జరిగినట్టు ఏ రాతిమీదా లేదు.

బోధిసిరి అని ఒక ఉపాసిక ఉంది. రాజుల ఇంటి మనిషి కాదు. వీరపురుషదత్తుడి 14వ ఏడాది ఆమె వేయించిన కత్బాలో సింహళ భిక్షువుల సంగతి వస్తుంది. కశ్మీరు, గాంధారం, చీనా, యవన దేశం, వంగ, తమిళ ముల్కుల పేర్లన్నీ అందులో చెక్కి ఉన్నాయి. అంత దూరంతో రాకపోకలున్న షహర్ అన్నమాట.

రోమ్ కూడా ఇక్కడికి వచ్చింది, సిక్కాల రూపంలో. రోమ్ బాద్‌షా టైబీరియస్ బంగారు నాణెం, ఇంకో బాద్‌షా బేగం ఫౌస్టీనాది ఒకటి ఇక్కడి తవ్వకాల్లో దొరికాయి. తిజారత్ దారిలో మిరియాలకో బట్టలకో బదులుగా చేతులు మారి ఉంటాయి. మధ్యలో మైదానం, నాలుగు వైపులా పైకి లేచే ఇటుక మెట్ల గ్యాలరీ ఉన్న ఒక రంగస్థలం కూడా బయటపడింది. ఇది రోమన్ల నకలేనని కొందరంటారు. నాకు అలా అనిపించదు. రోమ్ వాళ్ల మైదానాలు గుడ్డు ఆకారం, ఇది చతురస్రానికి దగ్గర. మన మేస్త్రీలకు కూడా ఆ మాత్రం హునర్ ఉంటుంది కదా.

1926లో ఒక తెలుగు ఉద్యోగి రంగస్వామి సరస్వతి ఈ జాగాను కనిపెట్టాడు. తర్వాత లాంగ్‌హర్స్ట్ అనే అంగ్రేజ్ అఫ్సర్ తవ్వాడు. అప్పటికి తొందరేమీ లేదు. నందికొండ దగ్గర ఆనకట్ట ఖాయమయ్యాక తొందర మొదలైంది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో లోయనంతా తవ్వారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. తొమ్మిది కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీద మళ్లీ కట్టారు. ఆ కొండే ఇప్పటి ద్వీపం. ఇంకొన్నిటికి నమూనాలు అనుపులో కట్టారు. మెట్ల మైదానం అక్కడే ఉంది. మిగతా షహర్ మునిగింది.

దీన్ని జుల్మ్ అందామా? ఎడమ కాలువ నీళ్లతో మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పొలాలు పచ్చబడ్డాయి. మన దస్తర్‌ఖాన్ మీదున్న అన్నంలో ఆ నీళ్లున్నాయి. కాబట్టి నేను ఆ మాట అనలేను. కానీ ఒక షహర్‌ని ముంచి తింటున్న రిజ్క్ అని పిల్లలకు చెప్పడం మన మీద హఖ్ అనుకుంటాను.

కొందరు బుజుర్గులు అంటారు, అది జాహిలియత్ జమానా, మనకెందుకు అని. భూమ్మీద తిరిగి, వెనకటి ఖౌమ్‌లకు ఏమైందో చూడమని ఖురాన్‌లో మళ్లీ మళ్లీ హుకుం ఉంది కదా, దానికి ఏం జవాబిస్తాం?

ఇంకొక సంగతి. విజయపురికి ఎదురుగా, కృష్ణకు ఇవతలి ఒడ్డున, మన దేవరకొండ వైపు ఏలేశ్వరం ఉండేది. అదీ మునిగేదే. దాన్ని మునగక ముందు తవ్వించి, పెద్దబండల సమాధుల కాలం నుంచి ఇక్ష్వాకుల దాకా, ఆ తర్వాతి గుళ్ల దాకా రికార్డు చేసి 1963లో పుస్తకం తెచ్చిన మనిషి మొహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్, రాష్ట్ర పురావస్తు శాఖ డైరెక్టర్. అంతకుముందు హైదరాబాద్ రియాసత్‌లో 1914లో ఆ శాఖ మొదలైనప్పుడు దాని మొదటి నాజిమ్ గులాం యజ్దానీ. అజంతా బొమ్మలు రాలిపోకుండా ఇటలీ నుంచి ఉస్తాదులను పిలిపించింది ఆయన జమానాలోనే. బుద్ధుడి బొమ్మలనూ శివుడి గుళ్లనూ వాళ్లు అమానత్‌లా చూశారు. ఈ ముల్క్ తారీఖ్‌తో మీకేం సంబంధమని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు పేర్లూ చెబుతాను. మన ఇళ్లల్లోనే వీళ్ల పేర్లు తెలియకపోవడం నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు నందికొండ మున్సిపాలిటీ. పైలాన్ కాలనీ, హిల్ కాలనీ ఉన్నాయి. పాత పాయెతఖ్త్ పేరు విజయపురి నార్త్, విజయపురి సౌత్ అని రెండు ఒడ్డుల మీదా బతికే ఉంది. ద్వీపానికి లాంచీలో వెళ్లాలి. ఖిలా గోడలు, మహాచైత్యం, మ్యూజియంలో పల్నాటి పాలరాయి శిల్పాలు చూసేసరికి పూట గడుస్తుంది. అనుపుకి రోడ్డు మీద వేరే వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. జుమా చదువుకొని పిల్లలతో బయల్దేరదాం అనుకునేవాళ్లు శనివారం పెట్టుకోండి.