దూలము మోయు బరువు ఎంత?

మేము సేవచేసిన ఒక గ్రామ సంఘములో, కప్పు క్రింది అడ్డదూలము బలిపీఠమును మరుగుచేయుచున్నదని, దానిని తీసివేయవలెనని పెద్దలు తలంచిరి. వృద్ధుడైన వడ్రంగి ఒప్పుకొనలేదు. "ఇది తీస్తే గోడలు విచ్చుకుంటాయి అయ్యగారూ" అనెను. ఎంత బలముతో అని అడిగితిమి. అది మాత్రము ఆయన చెప్పలేకపోయెను. ఆ "ఎంత" అను ప్రశ్నకు మనుష్యులు జవాబు కనుగొన్న చరిత్రను సంఘస్థుల కొరకు క్లుప్తముగా వ్రాయుచున్నాము.

త్రికోణములుగా కూర్చిన ఇట్టి చట్రమును ఇంజనీర్లు ట్రస్సు అందురు. ఇది క్రొత్తది కాదు. ఇటలీ దేశపు శిల్పి పల్లాడియో 1570లో ప్రచురించిన గ్రంథములోనే కొయ్య ట్రస్సు వంతెనల పటములున్నవి. అయితే చాలాకాలము వరకు పనివారు అనుభవమును, కంటి అంచనాను బట్టియే దూలముల లావును నిర్ణయించిరి. 1847లో అమెరికాలో స్క్వైర్ విప్పుల్ అను ఇంజనీరు, ట్రస్సులోని ప్రతి భాగముపై పడు బలమును లెక్కగట్టు పద్ధతిని పుస్తకముగా ప్రచురించెను. 1851లో జర్మను ఇంజనీర్లు ష్వెడ్లర్, కుల్మన్ తమ పద్ధతులను ప్రకటించిరి. 1864లో స్కాట్లాండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్, గీతలు గీచి ఆ బలములను కొలుచు విధానమును వివరించెను.

మూలసూత్రము సులభమైనదే. చట్రము కదలక నిలువవలెనంటే, ప్రతి అతుకు వద్ద నొక్కుడు, లాగుడు ఒకదానికొకటి సరిపోవలెను. రెండు వాలుదూలములు, ఒక అడ్డదూలము గల కప్పును తీసికొందము. శిఖరముమీద 200 కిలోల బరువున్నదనుకొనుడి. ఒక్కొక్క గోడ 100 కిలోలు మోయును. వాలు 45 డిగ్రీలైతే, ఒక్కొక్క వాలుదూలముపై నొక్కుడు 141 కిలోలు. అడ్డదూలముపై లాగుడు 100 కిలోలు. అదే బరువుకు వాలును 30 డిగ్రీలకు తగ్గించితే, నొక్కుడు 200 కిలోలకును, లాగుడు 173 కిలోలకును పెరుగును. అడ్డదూలము తీసివేసినచో ఆ లాగుడును భరించువారు లేక, అంత బలమును గోడలను బయటకు త్రోయును. వడ్రంగి మాట నిజమే. లెక్క ఆ మాటకు కొలత నిచ్చినది.

లెక్క తెలిసియుండియు లక్ష్యపెట్టనప్పుడు ఏమగునో అమెరికాలోని అష్టబ్యూలా వంతెన చూపినది. కొయ్య, ఇనుము కలిపి కట్టు హౌ ట్రస్సును, రైల్వే అధిపతి అమాసా స్టోన్ 1865లో పూర్తిగా ఇనుముతో కట్టించెను. నొక్కుడును భరించు ఏటవాలు భాగములు చాలవని చెప్పిన ఇంజనీరు తన పనినే పోగొట్టుకొనెను. వంతెన పదకొండేండ్లు నిలిచినది. 1876 డిసెంబరు 29 రాత్రి, మంచు తుఫానులో రైలు దాటుచుండగా అది కూలిపోయినది. సుమారు 92 మంది మరణించిరి. అనేక క్రైస్తవ కీర్తనలకు స్వరములు కూర్చిన ఫిలిప్ బ్లిస్, ఆయన భార్య వారిలో నుండిరి. సమర్థుడైన ఇంజనీరు శ్రద్ధగా పరీక్షించియుంటే లోపములు బయటపడియుండెడివని విచారణ జరిపిన జ్యూరీ తేల్చినది.

1974లో రాజమండ్రి వద్ద ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన కూడ ట్రస్సు వంతెనయే. దానిని దాటునప్పుడు మనము ఎరుగని వారి లెక్కలను నమ్మి దాటుచున్నాము.

పదకొండేండ్లు నిలుచుట ఆ వంతెనకు సాక్ష్యము కాలేదు. మన పాత దేవాలయములు నూరేండ్లు నిలిచినను, అదియే వాటి బలమునకు సాక్ష్యము కాజాలదు. కప్పు మార్చుటకు ముందు, దూలము తొలగించుటకు ముందు, క్రొత్త బరువు వ్రేలాడదీయుటకు ముందు, తెలిసినవారిని పిలిపించి "ఎంత" అని అడుగుడి. మా సంఘములో ఆ అడ్డదూలము నేటికిని అక్కడనే యున్నది.