రక్తదాన చరిత్రలో స్పెయిన్ అధ్యాయం

తీవ్రంగా రక్తస్రావమవుతున్న మనిషికి వ్యవధి బహు తక్కువ. అతని ప్రాణం వైద్యుని నైపుణ్యంమీదనే గాక, ఆ గడియకు సరిపడే నెత్తురు దగ్గరలో ఉన్నదా లేదా అన్నదానిమీద కూడా ఆధారపడి ఉంటుంది. కాబట్టి రక్తదాన చరిత్రను కేవలం శాస్త్ర పరిశోధనల చరిత్రగా చదివితే చాలదని నా అభిప్రాయం.

శాస్త్రం తన పని చాలవరకు ముందే చేసింది. 1901లో లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను వివరించాడు. సిట్రేట్ కలిపి గడ్డకట్టకుండా చేసిన రక్తాన్ని 1914లో రోగులకు ఎక్కించారు. 1917లో రాబర్ట్‌సన్ నిలవచేసిన రక్తాన్ని యుద్ధరంగంలో వాడాడు. అయినా ఆ తరువాత చాలకాలం వరకు దాతను రోగి పక్కకు పిలిపించటమే అనేకచోట్ల ఆనవాయితీగా ఉండేది.

1936 జూలైలో స్పెయిన్ ప్రజాప్రభుత్వంమీద ఫాసిస్టు సేనానులు తిరగబడ్డారు. ఆగస్టులోనే బార్సిలోనాలో డాక్టర్ ఫ్రెడెరిక్ డురాన్ జోర్దా రక్తసేకరణ ప్రారంభించాడు. పరీక్షించి సీసాలలో నింపిన నెత్తురు శీతల వాహనాలమీద ఆరగాన్ యుద్ధరంగానికి చేరింది. డిసెంబరులో కెనడా వైద్యుడు నార్మన్ బెథ్యూన్ మాడ్రిడ్‌లో అటువంటి సేవనే నెలకొల్పాడు. బెథ్యూన్‌ను మనం కీర్తిస్తాం, అది న్యాయమే. కాని వీరుడొక్కడే నెత్తురు పుట్టించలేడు గదా! 1939 జనవరిలో బార్సిలోనా పతనమయ్యేనాటికి అక్కడ పేర్లు నమోదు చేసుకున్న దాతలు సుమారు 28,900 మంది. సేకరించిన రక్తం దాదాపు 9,000 లీటర్లు. ఆ అధ్యాయానికి అసలు కర్తలు ఈ సామాన్య పౌరులే.

అదే శాస్త్రం మరొక వ్యవస్థలో ఏమైందో చూడండి. 1941లో అమెరికా రెడ్‌క్రాస్ నీగ్రోల రక్తాన్ని నిరాకరించింది. మరుసటి ఏడు స్వీకరించినా, 1950 వరకు దానిని వేరుగానే ఉంచింది. రక్తనిధుల నిర్మాణంలో అగ్రగణ్యుడైన చార్లెస్ డ్రూ స్వయంగా నల్లజాతివాడు!

మన దేశంలో పేదవాడు పొట్టకూటికి నెత్తురమ్ముకునేవాడు. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితంగా 1998 నుండి ఆ విక్రయం నిషిద్ధమైంది. కాని నిషేధంతోనే సీసాలు నిండవు. ప్రపంచంలో సేకరించే రక్తంలో 40 శాతం, జనాభాలో 16 శాతమే ఉన్న సంపన్న దేశాలలో సేకరించినదేనని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కలు చెబుతున్నాయి. కాన్పులో నెత్తురు కోల్పోయి మరణించే తల్లులలో అత్యధికులు మిగిలిన దేశాలవారు.

బాంబుల కింద నలుగుతున్న నగరం యుద్ధరంగానికి నెత్తురు పంపగలిగింది. శాంతికాలంలో ప్రభుత్వాలు పల్లెలోని ప్రసూతి ఆసుపత్రికి పంపలేకపోతే, ఆ లోపం శాస్త్రానిది కాదు. విద్యార్థులూ అధ్యాపకులూ నిలదీయవలసింది అక్కడనే.