దోమకాటు - మన్యపు జ్వరము

ఆగిరిపల్లి మామిడితోటలలో రాత్రులు కావలి కాయువారికి దోమల బాధ క్రొత్త కాదు. వేపాకు పొగ వేసినచో దోమలు కొంత తగ్గును. పొగ చెదరినచో మరల మూగును.

గోదావరి మన్యములో ఇది ప్రాణముల మీదికే వచ్చేది. వేటకై మంచెపై రాత్రి గడిపినవారు జ్వరముతో తిరిగి వచ్చుట వింత కాదు. 1879లో రంప తిరుగుబాటును అణచబోయిన సేనలను కూడ చలిజ్వరము తీవ్రముగా పీడించినది. నాడు అందరు కొండగాలిని, నీటిని నిందించేవారు. దోమకాటు వట్టి దురదగానే తోచేది!

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగి రక్తము త్రాగిన అనాఫిలిస్ దోమను కోసి, దాని జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుట చూచినాడు. కుట్టించుకొన్నందుకు రోగికి దోమకొక అణా ముట్టినది. మరుసటి యేడు కలకత్తాలో పక్షులపై పరీక్షించి, కాటు ద్వారానే క్రిమి వ్యాపించునని తేల్చినాడు.

ఈ దోమ ఎక్కువగా ప్రొద్దు గ్రుంకిన తరువాతనే కుట్టును. మంచెపై వేటగాని వేళయు, తోటలో కావలివాని వేళయు అదే.