పొందూరు పంచె వెనుక కొండపత్తి

శ్రీకాకుళం జిల్లా పొందూరు పేరెత్తితే పంచె గొప్పతనం చెబుతారు, నేతగాళ్ల పనితనం చెబుతారు. ఆ పంచెకు దూది పండించిన రైతు ఊసెత్తేవాళ్లు తక్కువ.

ఉత్తరాంధ్ర వర్షాధార భూముల్లో తరతరాలుగా పండినవి కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి. అన్నీ దేశవాళీ రకాలే. దిగుబడి తక్కువైనా రసం పీల్చే పురుగులను బాగా తట్టుకుంటాయి. విత్తనం రైతు ఇంట్లోనే ఉండేది కాబట్టి సాగుకు పెట్టుబడీ తక్కువే. పత్తి రైతుది, వడుకు ఆడవాళ్లది, నేత సాలీలది. డబ్బు ఆ చుట్టుపక్కల ఊళ్లలోనే తిరిగేది.

ఇక్కడి పనితనమంతా దూదిని శుభ్రం చేయడంలో కనిపిస్తుంది. గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడకున్న సన్నటి పళ్ల మధ్య చెత్తా పొట్టి పోగులూ రాలిపోయి, మిగిలిన పోగులన్నీ దువ్విన జుట్టులా ఒకే వరుసలోకి వస్తాయి. తర్వాత చెక్క మీద పెట్టి, ఇనుప కడ్డీని దొర్లిస్తూ గింజను బయటికి నెడతారు. చిన్న వింటితో ఏకి, ఏకులు చుట్టి, రాట్నం మీద వడుకుతారు. ఇలా నూరో నంబరు నూలు తీస్తారు. అంటే 453 గ్రాముల దూది నుంచి దాదాపు 77 కిలోమీటర్ల దారం! అదీ చేతి వేళ్లతో.

ఈ నూలు సంగతి గాంధీజీ దాకా వెళ్లింది. దీన్ని స్వయంగా చూసి రమ్మని ఆయన కుమారుడు దేవదాస్‌ను పొందూరు పంపారు. 1949లో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడటంతో వడికేవాళ్లకూ నేసేవాళ్లకూ ఒక అండ దొరికింది. పత్తి పండించే రైతుకు మాత్రం అలాంటి అండ దొరకలేదు.

1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన హైబ్రిడ్-4తో దేశంలో సంకర పత్తి యుగం మొదలైంది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. దిగుబడి పెరిగింది, నిజమే. దాంతోపాటే ఏటా విత్తన ప్యాకెట్ కొనక తప్పని పరిస్థితీ వచ్చింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించేదేమో మధ్యస్థ, పొడవు పింజ రకాలకు. 2025-26లో పొడవు పింజకు క్వింటాలుకు రూ.8,110. మిల్లుల గిరాకీ కూడా ఆ రకాలకే. కొండపత్తిని విలువ తెలిసి కొనేది ఖాదీ వాళ్లే. ఎకరాకు నాలుగు బస్తాలు ఎక్కువ పండే పంట పక్కన ఉండగా దీన్నే నమ్ముకోమని రైతుకు ఎవరు చెప్పగలరు? సాగు తగ్గిందని అతణ్ని తప్పుపట్టడం అన్యాయం.

సన్న ఖాదీ వేల రూపాయలు పలుకుతుంది. అందులో రైతు వాటా పెరగాలి. విత్తే ముందే ధర ఒప్పుకుని, పండిన పత్తి మొత్తం కొంటామని ప్రభుత్వమూ ఖాదీ సంస్థలూ రాసివ్వాలి. తక్కువ దిగుబడి వల్ల పోయేదాన్ని ఆ ధర పూడ్చాలి. అంతకు తగ్గితే ఎంత సాయం చేసినా విత్తనం నిలవదు. కొనే మనకూ ఇందులో బాధ్యత ఉంది. ఈసారి పొందూరు పంచె చేతిలోకి తీసుకున్నప్పుడు ధరతోపాటు ఇంకో మాట కూడా అడగండి: ఇది కొండపత్తి నూలేనా, ఆ పత్తి ఏ ఊరి రైతుది?